అడాస్ ఉన్న కారా, లేని కారా? హైదరాబాద్‌లో నడిపేవాళ్లు దేనికి డబ్బు పెట్టాలి

షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు "లెవెల్ 2 అడాస్ సార్, కారే బ్రేక్ వేస్తుంది, కారే స్టీరింగ్ తిప్పుకుంటుంది" అంటాడు. ఇంటికొస్తే బావమరిది "మన రోడ్ల మీద అదెందుకు, వారం తిరక్కుండానే ఆఫ్ చేసేస్తావ్" అంటాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. అడాస్ (అడ్వాన్స్‌డ్ డ్రైవర్ అసిస్టెన్స్ సిస్టమ్) అంటే కెమెరాలు, సెన్సర్లతో డ్రైవర్‌కు సాయం చేసే ఏర్పాటు. అది ఒకే వస్తువు కాదు, ఏడెనిమిది వేర్వేరు పనుల మూట. వాటిలో కొన్ని అమీర్‌పేట ట్రాఫిక్‌లో కూడా పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. కొన్ని ఔటర్ రింగ్ రోడ్డు మీదే పనికొస్తాయి. ఒకటి రెండు మాత్రం బ్రోచర్‌లో చూసుకోవడానికే. అందుకే "లెవెల్ ఎంత?" అనే ప్రశ్నతో పెద్దగా తేలేదేమీ లేదు. "ఏ పని చేస్తుంది, ఎంత స్పీడు నుంచి, ఏ సెన్సర్‌తో?" అని అడగాలి.

లెవెళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తే సరిపోతుంది. ఎస్‌ఏఈ అనే ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం పెట్టిన కొలమానంలో 0 నుంచి 5 దాకా ఉన్నాయి. లెవెల్ 1లో కారు స్పీడునో స్టీరింగునో ఏదో ఒకటి చూసుకుంటుంది, లెవెల్ 2లో రెండూ కలిపి చూసుకుంటుంది. రెండింట్లోనూ కళ్లు రోడ్డు మీదే ఉండాలి, బాధ్యత పూర్తిగా డ్రైవర్‌దే. కారు కొన్ని పరిస్థితుల్లో పూర్తిగా తనే నడుపుతూ, అడిగినప్పుడు మాత్రమే మనిషి చేతికిచ్చేది లెవెల్ 3. మెర్సిడెస్ దాన్ని 2022లో జర్మనీలో అమ్మకానికి పెట్టింది. డ్రైవర్ సీటు ఖాళీగా తిరిగే వేమో ట్యాక్సీలు ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి ఊళ్లలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం, డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి డ్రైవర్ లేని కార్లను రానివ్వనని కేంద్ర మంత్రి గడ్కరీ 2017లోనూ, 2023లోనూ బాహాటంగానే చెప్పారు. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్‌కు తిహాన్ అనే ప్రయోగ కేంద్రం ఉంది. డ్రైవర్ లేని వాహనాల కోసం కట్టిన అక్కడి టెస్ట్ ట్రాక్ 2022 జులైలో ప్రారంభమైంది. అది పరిశోధన, మీరు షోరూమ్‌లో బుక్ చేసేది కాదు. టెస్లా 2025లో మన దేశంలో మోడల్ వై అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు "ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్" పేరుతో 6 లక్షల ఆప్షన్ కూడా ధరల పట్టికలో పెట్టింది. ఆ పేరు చూసి మోసపోవద్దు, అమెరికాలో దాన్ని "సూపర్‌వైజ్డ్" అనే తోక తగిలించే అమ్ముతున్నారు.

జనం భయం దేని మీద, కొనేది దేన్ని

ఈ విషయంలో వాదనలు గజిబిజి అవడానికి కారణం ఒకటే. భయపడేది డ్రైవర్ లేని కారును చూసి, కొనేది బ్రేక్ సాయం చేసే కారును. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంస్థ 2025 సర్వేలో 61 శాతం డ్రైవర్లు తనంతట తాను నడిచే కారెక్కడానికి భయమన్నారు, నమ్ముతామన్నది 13 శాతమే. అక్కడే ప్యూ అనే పరిశోధన సంస్థ 2022లో బయటపెట్టిన సర్వేలో అలాంటి కార్లు సమాజానికి మంచివి కావని 44 శాతం, మంచివని 26 శాతం చెప్పారు. లేన్లు తిన్నగా గీసిన దేశంలోనే మాట ఇలా ఉంటే, కూకట్‌పల్లిలో రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులను రోజూ చూసేవాళ్లు నవ్వడంలో తప్పేముంది.

బ్రేక్ సాయం లెక్క మాత్రం వేరు. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అనే భద్రతా సంస్థ లెక్కల ప్రకారం, హెచ్చరికతో పాటు తనంతట తాను బ్రేక్ వేసే కార్లు ముందు బండిని గుద్దే ప్రమాదాలు సగానికి తగ్గాయి. హెచ్చరిక మాత్రమే ఉన్న వాటిలో తగ్గింది 27 శాతం. అద్దాల్లో కనిపించని పక్క మూలల్లో (బ్లైండ్ స్పాట్) బండి ఉందని చెప్పే హెచ్చరికతో లేన్ మారేటప్పుడు జరిగేవి 14 శాతం తగ్గాయి. వెనక్కి తీసేటప్పుడు తనే ఆగే బ్రేక్‌తో రివర్స్ ప్రమాదాలు 78 శాతం తగ్గాయి. స్టీరింగ్, స్పీడు రెండూ పట్టుకుని నడిపించే సౌకర్యం వల్ల అదనంగా ప్రమాదాలు తగ్గినట్టు మాత్రం ఆ సంస్థకు ఆధారం దొరకలేదు. 2024లో అలాంటి 14 వ్యవస్థలను, డ్రైవర్ ధ్యాస రోడ్డు మీద ఉందో లేదో ఎంత బాగా కనిపెడతాయని పరీక్షిస్తే 11 "పూర్" దగ్గరే ఆగిపోయాయి.

ఇవన్నీ అమెరికా రోడ్ల అంకెలు, మనకు అచ్చంగా అతకవు. వరస మాత్రం అతుకుతుంది: ముందు బ్రేక్, తర్వాత వెనక మూలలు చూసే కన్ను, ఆ తర్వాత ముందు బండితో దూరం చూసుకుంటూ, పెట్టిన వేగంలో తనే నడిపే క్రూయిజ్ కంట్రోల్, అన్నిటికంటే చివర లేన్‌లో నిలిపే స్టీరింగ్. షోరూమ్‌లో చూపించే వరస దీనికి సరిగ్గా తలకిందులు.

మీ ముందున్న నాలుగు దారులు

మొదటిది అడాస్ లేని వేరియంట్. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (కారు జారిపోకుండా అదుపు చేసే వ్యవస్థ), భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో మంచి స్టార్లు ఉన్న కారు, ఇవేవీ సరిగా లేకుండా అడాస్ ఒక్కటే ఉన్న కారు కంటే నయం. 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు గానీ అంతకు మించి గానీ స్టార్లు రావాలంటే ఈఎస్‌సీ తప్పనిసరి. ఐదు స్టార్లు ఉంటే అడాస్ కూడా ఉన్నట్టేనని కొందరు అనుకుంటారు, రెండింటికీ సంబంధం లేదు. ధర విషయంలో ఇంకో చిక్కుంది. అడాస్ సాధారణంగా టాప్ వేరియంట్లలోనే పెడతారు, కాబట్టి దాని కోసం సన్‌రూఫ్, పెద్ద తెర, లెదరెట్ సీట్లు కూడా కొనాల్సి వస్తుంది. ఎక్స్‌షోరూమ్ ధర 10 లక్షలు దాటితే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు కూడా పైకి జరుగుతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడు రెండు వేరియంట్ల ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన రాయించుకోండి, ఎక్స్‌షోరూమ్ తేడా చూసి నిర్ణయించొద్దు.

రెండోది బయట బిగించుకునే అడాస్ డ్యాష్‌క్యామ్. ఇది అరుస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. బ్రేక్‌కు గానీ స్టీరింగ్‌కు గానీ దానికి తీగ ఉండదు. ముందు బండి దూరాన్ని ఒకే కెమెరా బొమ్మ చూసి అంచనా కడుతుంది కాబట్టి, పంజాగుట్ట లాంటి చోట ప్రతి ఆటోకూ మోగుతుంది, మీరు రెండో రోజే సౌండ్ తీసేస్తారు. ప్రమాదం జరిగితే వీడియో సాక్ష్యం ఉంటుంది, ఆ మాత్రానికి కొనొచ్చు. అడాస్ అని కొనకండి.

మూడోది కెమెరా ఒక్కటే ఉన్న అడాస్, నాలుగోది కెమెరాతో పాటు రాడార్ కూడా ఉన్నది. అసలు పోలిక ఈ రెండింటి మధ్యే.

కెమెరా, రాడార్: ఎక్కడ ఏది తడబడుతుంది

కెమెరా అద్దం వెనక, రియర్ వ్యూ మిర్రర్ దగ్గర కూర్చుంటుంది. గీతలను, మనుషులను, బండ్ల వెనక ఆకారాలను గుర్తుపడుతుంది. హోండా కార్లలో సిటీ హైబ్రిడ్, ఎలివేట్, 2024 డిసెంబర్‌లో వచ్చిన కొత్త అమేజ్ ఈ పద్ధతివే. 10 లక్షలకు అటూఇటూగా అడాస్ తెచ్చింది ఆ అమేజే. హ్యుందాయ్ 2023లో వెన్యూలో పెట్టినది కూడా కెమెరాతో నడిచే లెవెల్ 1. అందులో ఆటోమేటిక్ బ్రేక్, లేన్ సాయం ఉన్నాయి గానీ ముందు బండిని బట్టి స్పీడు మార్చుకునే క్రూయిజ్ లేదు. మహీంద్రా ఎక్స్‌యూవీ 700, హ్యుందాయ్ వెర్నా లాంటివి ముందు బంపర్ వైపు రాడార్ కూడా పెట్టుకున్నాయి.

కెమెరాకు ఎదురెండ పడదు. ఉదయం విజయవాడ హైవే మీద తూర్పుకు వెళ్తుంటే సూర్యుడు సరిగ్గా దాని కంట్లో పడతాడు, ఆ కాసేపు అది పక్కకు తప్పుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నీడ లేని చోట మూడు నాలుగు గంటలు పార్క్ చేస్తే కెమెరా వేడెక్కి, ఏసీ తగిలి చల్లబడేదాకా "తాత్కాలికంగా పనిచేయడం లేదు" అన్న మెసేజ్ రావచ్చు, అది రిపేర్ కాదు. జోరువానలో అద్దం మీద నీరు, లోపల ఆవిరి, ముందు లారీ చిమ్మే బురద, ఈ మూడూ దానికి శత్రువులే. చీకటి ఇంకా పెద్ద శత్రువు. ఐఐహెచ్‌ఎస్ 2022 పరిశీలనలో పాదచారులను గుర్తుపట్టే ఆటోమేటిక్ బ్రేక్ వాళ్లను గుద్దే ప్రమాదాలను మొత్తం మీద 27 శాతం తగ్గించింది గానీ, వీధి దీపాలు లేని చీకట్లో తేడా ఏమీ కనిపించలేదు.

రాడార్‌కు చీకటి లెక్కలేదు, వాన కూడా పెద్ద అడ్డు కాదు. ముందు బండి దూరం, వేగం నేరుగా కొలుస్తుంది. అందుకే క్రూయిజ్ వాడేవాళ్లకు రాడార్ ఉన్న కారులో కుదుపులు తక్కువ. దాని బలహీనత వేరే చోట ఉంది, అది తెలియకపోతే ప్రాణాంతకం: కదలకుండా ఆగి ఉన్న బండి. రోడ్డు పక్క బోర్డులు, కల్వర్టు గోడలు, క్రాష్ బారియర్లు అన్నీ రాడార్‌కు ఆగి ఉన్న ఇనుములాగే కనిపిస్తాయి. వాటన్నిటికీ బ్రేక్ వేస్తే కారు నడవదు కాబట్టి, వేగంగా పోతున్నప్పుడు చాలా వ్యవస్థలు ఆగి ఉన్న వస్తువుల సిగ్నల్‌ను పక్కన పెట్టి, కెమెరా కూడా ఔనంటేనే నమ్ముతాయి. రాత్రి చౌటుప్పల్ దాటాక లైట్లు ఆర్పేసి ఎడమ లేన్‌లో ఆగిన లారీ, రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీ, వెనక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, ఇవి కెమెరా గుర్తుపట్టే ఆకారాలు కావు. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ఆఖరి క్షణంలో గుర్తుపట్టి బ్రేక్ వేసినా దెబ్బ తీవ్రత తగ్గుతుందే తప్ప కారు ఆగదు. ఓనర్స్ మాన్యువల్‌లో ఈ మాట రాసే ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

టూవీలర్ల సంగతి విడిగా అడగాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం టూవీలర్ మీద ఉన్నవాళ్లే. "పెడెస్ట్రియన్, సైకిలిస్ట్" అని బ్రోచర్‌లో రాస్తారు, మోటార్‌సైకిల్ మాట ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ముగ్గురెక్కిన బైకు, పాల క్యాన్లు వేలాడే బైకు, గ్యాస్ సిలిండర్ల ఆటో ట్రాలీ మన రోడ్లకు మామూలే, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం కొత్త ఆకారాలు.

ఏ పని ఎక్కడ ఉపయోగం

ఊళ్లో మీ ముందుకు ఎక్కువగా వచ్చే ప్రమాదం ఎడమ వైపు నుంచి దూరే బైకు. దానికి బ్లైండ్ స్పాట్ సాయం రెండు రకాలు. వెనక బంపర్ రెండు మూలల్లో రాడార్ పెట్టి అద్దంలో దీపం వెలిగించేది ఒకటి, అద్దం కింద కెమెరా పెట్టి ఇండికేటర్ వేయగానే తెర మీద చూపించేది ఇంకొకటి. మెహదీపట్నం, లక్డీకాపూల్ లాంటి చోట దీపం రకం ఎప్పుడూ వెలిగే ఉంటుంది, కన్ను దానికి అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. కెమెరా రకం చూపించేది స్పష్టంగా చూపిస్తుంది, కాకపోతే ఇండికేటర్ వేసే అలవాటు ఉండాలి! ఔటర్ మీద వెనక నుంచి 120తో వచ్చే కారును ముందే చెప్పేది మాత్రం రాడారే. వెనక రాడార్లు ఉన్న కారులో సాధారణంగా రివర్స్‌లో అడ్డంగా వచ్చే బండ్ల హెచ్చరిక కూడా ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు నుంచి వెనక్కి తీసేవాళ్లకు దాన్ని మించిన ఫీచర్ లేదు.

క్రూయిజ్ విషయంలో అడగాల్సింది "స్టాప్ అండ్ గో ఉందా?" అని. లేకపోతే దాదాపు 30 కిలోమీటర్ల కింద అది తప్పుకుని బండి మీ చేతికిచ్చేస్తుంది. ఉంటే ముందు బండితో పాటు పూర్తిగా ఆగుతుంది, రెండు మూడు సెకన్లు దాటితే మళ్లీ బటన్ నొక్కాలి లేదా యాక్సిలరేటర్ తాకాలి. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద సాయంత్రం ఏడింటికి ఇది హాయినిస్తుందని ఊహించుకోకండి. మీకూ ముందు కారుకూ మధ్య అది వదిలే ఖాళీలో ఆటో పట్టేస్తుంది, ఆటో పట్టగానే మీ కారు ఇంకాస్త వెనక్కి తగ్గుతుంది, వెనకవాడు హారన్ మీద చెయ్యి తీయడు. దీని అసలు చోటు ఔటర్. 158 కిలోమీటర్లు, బైకులకు, పాదచారులకు ప్రవేశం లేదు, గీతలు కనిపిస్తాయి, 2023 నుంచి గరిష్ఠ వేగం 120. అక్కడ దూరం సెట్టింగ్ పూర్తిగా ఎక్కువలో పెట్టుకోండి. మధ్యలో ఎవడైనా దూరినా ఫర్వాలేదు, దూరం తక్కువ పెడితే సెకను కాస్త పైన మిగులుతుంది, అది మీ కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికే చాలదు. నార్సింగి, శంషాబాద్ లాంటి ఎగ్జిట్లు దగ్గర పడగానే క్రూయిజ్ తీసేయాలి. ముందు కారు పక్కకు తప్పుకోగానే మీ కారు సెట్ చేసిన వేగం కోసం ర్యాంప్ వంపులోనే పరుగందుకోవచ్చు.

లేన్ సాయం చాలా కార్లలో 60 దాటితేనే లేస్తుంది, కాబట్టి ఊళ్లో దాని గొడవ తక్కువ. హైవే మీద పనులు జరిగే చోట పాత తెల్ల గీత, కొత్త పసుపు గీత రెండూ ఉంటాయి. స్టీరింగ్ పాత గీత వైపు లాగుతుంది. గుంత తప్పించడానికి ఇండికేటర్ లేకుండా పక్కకు తిప్పితే అది వెనక్కి నెడుతుంది. బలం పెద్దగా ఉండదు, చేత్తో గెలవొచ్చు, కానీ అలవాటు లేనివాళ్లు ఉలిక్కిపడతారు. మన దగ్గర దీన్ని "హెచ్చరిక మాత్రమే"కు మార్చి వదిలేయడం మేలు.

ఊరికే పడే బ్రేక్ గురించి అందరూ అడుగుతారు. వంపులో బారియర్, ఎడమ నుంచి అడ్డంగా దూసుకొచ్చిన బైకు, ఫ్లైఓవర్ కింద గాఢమైన నీడ, రోడ్డు మీద పరిచిన ఇనుప ప్లేటు దీనికి సాధారణ కారణాలు. వెనకవాడు అంటుకుని వస్తుంటే గుద్దేస్తాడన్న భయం న్యాయమైనదే. దానికి మందు బ్రేక్ సాయాన్ని ఆఫ్ చేయడం కాదు. సెట్టింగుల్లో ఢీకొనే హెచ్చరికను "లేట్" లేదా "తక్కువ"కు పెట్టండి, అరుపులు చాలావరకు తగ్గుతాయి, బ్రేక్ మాత్రం చివరి కాపలాగా ఉంటుంది. చాలా కార్లలో ఇంజన్ ఆపి మళ్లీ తీస్తే కొన్ని సెట్టింగులు మొదటికి వస్తాయి, ఏది వస్తుందో ఏది నిలుస్తుందో కొన్న వారంలోనే చూసుకోవాలి. ఆన్‌కాల్ డ్రైవర్‌ను పిలిచే ఇంట్లో అయితే తాళం ఇచ్చేటప్పుడే "దీంట్లో బ్రేక్ తనే పడుతుంది, స్టీరింగ్ లాగుతుంది" అని చెప్పాలి. తెలియని మనిషి చేతిలో ఆ కుదుపే ప్రమాదం.

టెస్ట్ డ్రైవ్, ఆ తర్వాత

షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పితే ఏమీ తెలియదు. ఔటర్ ఎక్కించమని అడగండి, ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్ దాకా చాలు, టోల్ మీరే కట్టండి. 80 దగ్గర క్రూయిజ్ పెట్టి, ముందు లారీ దగ్గర పడుతున్నప్పుడు కారు ముందుగానే మెల్లగా తగ్గుతుందా, ఆఖర్లో ముక్కు నేలకు దించి ఆపుతుందా చూడండి. రెండోది ఇంటివాళ్లకు వాంతులు తెప్పిస్తుంది. లేన్‌లో నిలిపేటప్పుడు మధ్యలో పోతుందా, ఒక గీత నుంచి ఇంకో గీతకు కొట్టుకుంటుందా గమనించండి. వీలైతే చీకటి పడ్డాక ఇంకోసారి. ఆటోమేటిక్ బ్రేక్‌ను మనిషినో బైకునో ఎదురు పెట్టి పరీక్షించడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు.

కొన్నాక పాడయ్యేది ఎక్కువగా మన చేతులతోనే. పెద్దమ్మ గుడి దగ్గర వాహన పూజ అయ్యాక బానెట్ మీంచి వేలాడే పూలదండ, గ్రిల్‌కు కట్టిన నిమ్మకాయ మిరపకాయలు, లోగో మీద పూసిన పసుపు కుంకుమ సరిగ్గా రాడార్ ముఖం మీదే ఉంటాయి. "రాడార్ బ్లాక్డ్" అని వస్తే ముందు అక్కడ చూడండి. దండ అద్దం పైకి, కెమెరా దగ్గరికి పోకూడదు. నిమ్మకాయ కావాలంటే నంబర్ ప్లేటుకు బాగా పక్కగా కట్టుకోవచ్చు. బుల్ గార్డ్‌ను కేంద్రం 2017లోనే వద్దంది, రాడార్ ఉన్న కారుకు అది గుడ్డి గంత కూడా.

బంపర్ రాసుకుంటే లోకల్ షెడ్డులో పుట్టీ పెట్టి పెయింట్ వేయించడం మన అలవాటు. రాడార్ ముందున్న ప్లాస్టిక్ మీద పుట్టీ, మందపు మెటాలిక్ పెయింట్ పడితే సిగ్నల్ తగ్గిపోతుంది. బ్రాకెట్ ఒక్క డిగ్రీ వంగితే 100 మీటర్ల దూరంలో చూపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది, అంటే అర లేను. పక్క లేన్ లారీకి మీ కారు బ్రేక్ వేస్తుంది. అద్దం పగిలితే కెమెరా బ్రాకెట్ ఉన్న సరైన గ్లాసే వేయించి, తర్వాత కెలిబ్రేషన్ (కెమెరా చూపును మళ్లీ సరిచేయడం) చేయించాలి. బోర్డులు ఎదురుగా పెట్టి ఒకటి, గీతలున్న రోడ్డు మీద నడిపి ఇంకొకటి, కారును బట్టి పద్ధతి ఉంటుంది. బీమాలో గాజుకు తరుగుదల కోత ఉండదు గానీ, కెలిబ్రేషన్ బిల్లు అందులో కలుస్తుందా లేదా అన్నది పాలసీ కొనేటప్పుడే మెయిల్‌లో అడిగి రాయించుకోండి.

ఇక ఎవరికి ఏది

ఉప్పల్ నుంచి అమీర్‌పేట లాంటి రోజువారీ తిరుగుడే ఉండి, నెలకోసారి కూడా ఊరు దాటనివాళ్లకు అడాస్ లేని ఐదు స్టార్ల కారు, దానికి 360 కెమెరా చాలు. మిగిలిన లక్షో లక్షన్నరో టైర్లకు, పెట్రోలుకు వస్తుంది. బడ్జెట్ 10 లక్షల దగ్గర ఆగి, ఊళ్లో ఎక్కువ, అప్పుడప్పుడు వరంగల్ వైపు అంటే కెమెరా రకం మంచి బేరమే, ఆటోమేటిక్ బ్రేక్ కోసమే అనుకుని తీసుకోండి. నెలకు రెండు మూడుసార్లు విజయవాడో కర్నూలో పోయేవాళ్లు, ఔటర్ మీద రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు కెమెరాతో పాటు ముందు రాడార్, వెనక మూలల రాడార్లు రెండూ ఉన్నదే చూడాలి. వెనకవి లేకుండా "లెవెల్ 2" అని రాసినా సగం కొన్నట్టే. ఇంట్లో పెద్దవాళ్లు నడుపుతుంటే రివర్స్ బ్రేక్, అడ్డంగా వచ్చే బండ్ల హెచ్చరిక ఉన్న వేరియంట్‌కు మొదటి ఓటు. "రాత్రి నిద్రొచ్చినా కారు చూసుకుంటుంది" అన్న ఆలోచనతో కొంటున్నవాళ్లు దయచేసి అడాస్ లేనిదే కొనండి, ఆ డబ్బుతో సూర్యాపేటలో గది తీసుకుని పడుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లకు: తాళం తిప్పగానే అడాస్ హెచ్చరిక దీపాలు వెలిగి ఆరుతున్నాయా చూడండి, అసలు వెలగకపోతే అనుమానించాలి. ముందు అద్దం మూలలో ఉన్న కంపెనీ ముద్ర, తయారీ గుర్తు పక్క అద్దాలతో కలవకపోతే అద్దం మార్చినట్టు. కెలిబ్రేషన్ బిల్లు అడగండి. బంపర్ రంగు బానెట్‌తో కొంచెం తేడాగా ఉంటే రాడార్ కవర్ ఒరిజినలేనా అని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించి, పాత ఎర్రర్ కోడ్లు ప్రింట్ తీయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.